ముప్ఫై అడుగులు

డాక్టరు చెప్పిన జబ్బు పేరు
మా రేవులో ఎవరి నోటా సరిగ్గా పలకలేదు.
వెర్నా ఒక్కతే తడుముకోకుండా అంటుంది,
బిడ్డల ఇంటిపేరు చెప్పినట్టు.

ముందు చూపు పోతుందట, తర్వాత నడక,
ఆ తర్వాత మాట.
తొమ్మిదేళ్ళ సెల్బీకి మొదలైంది.
ఆరేళ్ళ మైరా రక్తంలోనూ అదే ఉందని
సెయింట్ జాన్స్ ఆసుపత్రి నుంచి కబురొచ్చిన రోజు
ఒక్క పడవా కదల్లేదు.
సముద్రం మామూలుగానే ఉంది.

న్యూఫౌండ్‌లాండ్ అంచున నలభై గడపల ఊరు మాది.
అట్లాంటిక్ ఒక పక్క, రాయి మూడు పక్కలా.
జాలి చూపించడం ఇక్కడ ఎవరికీ చేతకాదు,
అందుకని కట్టెలు కొట్టారు.
లియాండర్ పెరట్లో పేర్పు కిటికీని మింగేసింది.
దుప్పి మాంసం వచ్చింది, ఉప్పు చేప వచ్చింది,
ఒకే కొలత ఊలు తొడుగులు పదిహేడు జతలు వచ్చాయి.
ఆసుపత్రి దారిఖర్చులకని హాల్లో పేకాట పెట్టి
ఒక టర్కీ కోడిని పందెం కట్టారు.
గెలిచినవాడు దాన్ని మళ్ళీ బల్లమీదే పెట్టాడు.
ఆ రాత్రి ఆ కోడి నాలుగుసార్లు అమ్ముడుపోయింది.

తాడు ఆలోచన ముసలి ఎఫీది, వలలు అల్లే మనిషి.
లియాండర్ గుమ్మం నుంచి బడి దాకా
కంచెల వెంట, పిల్లాడి నడుమెత్తున, నీలం తాడు.
ఏ ఇంటి ముందు ఆ ఇంటి ముడి.
ఎఫీది వలముడి. మాస్టారుది ఎనిమిది అంకె.
దుకాణం ముందు వరసగా మూడు, బిళ్ళలు దొరికే చోటు.
చూపు ఇంకా పిసరంత మిగిలుండగానే
సెల్బీ కళ్ళు మూసుకుని ఊరిని వల్లె వేశాడు.

నా కంచె దగ్గర మాత్రం తాడు ఆగిపోయింది.
ఈ మూల ఒక కొస, ఆ మూల ఒక కొస,
మధ్య ముప్ఫై అడుగులు.
నన్నెవరూ అడగలేదు. అడగరు.
లియాండర్‌కీ నాకూ పదకొండేళ్ళ పీటముడి:
వాడి లాబ్‌స్టర్ బోనుల తాడు ఎవరో కోశారు.
నువ్వేనన్నాడు వాడు, కాదన్నాను నేను,
తెగేదాకా లాగాం ఇద్దరం.

నవంబరు పొద్దున కిటికీలోంచి చూశాను.
పిల్లాడు నా కంచె మొదట్లో ఆగాడు.
తాడు ఇంకా ఉన్నట్టే
గాలిని గుప్పిట్లో పట్టుకుని నడిచాడు.
వెర్నా లాగే స్లెడ్జి మీద కూర్చుని
అన్న అడుగుల్ని మైరా బిగ్గరగా లెక్కపెడుతోంది.
ఇరవై తర్వాత దానికి అంకెలు రావు.
మళ్ళీ ఒకటి నుంచి.

ఆ రాత్రి షెడ్డులోకి పోయాను.
తాడు చుట్ట కింద ఆ కత్తి ఇంకా ఉంది.
అవును, నేనే కోశాను.
పాస్టరుకి చెప్పలేదు,
పోయేముందు నా పెళ్ళాం అడిగినా చెప్పలేదు.
లాంతరు మంచులో పెట్టి, చేతులకి తొడుగుల్లేకుండా
ఆ కొసా ఈ కొసా కలిపాను.
వేళ్ళు కొయ్యబారాయి. ముడి మూడుసార్లు జారింది.

తెల్లారి సెల్బీ వేళ్ళు దానిమీద ఆగాయి.
"ఇదెవరిది నాన్నా?"
లియాండర్ నా కిటికీ వైపు చూడలేదు.
ముడినే చూశాడు, చాలాసేపు.
పడవ మీద బతికినవాడికి
ముడి చాలు, చేవ్రాలు అక్కర్లేదు.
"గార్లండ్‌ది," అన్నాడు.
పిల్లాడు ఇంకోసారి తడిమి, గుర్తుపెట్టుకుని, వెళ్ళాడు.

మరుసటి చలికాలానికి సెల్బీ నడవడం లేదు.
తాడు విప్పేద్దామా అని హాల్లో ఎవరో అన్నారు.
ఎఫీ జవాబివ్వలేదు.
మర్నాడు సుత్తి పట్టుకుని బయల్దేరి
గుంజ గుంజకీ తాడుని రెండు జానలు కిందికి దించింది,
మైరా నడుమెత్తుకి.

నా కంచె దగ్గర నేనే దించాను.
రెండో కొస లియాండర్ పట్టుకున్నాడు.
మేము మాట్లాడుకోలేదు తాడు గురించి,
ఏ తాడు గురించీ.